ఎర్ర అట్ట పుస్తకం

నెబ్రాస్కాలో ఒక కౌంటీ కచేరీ, 1911 ఆగస్టు.
నా బల్ల కిటికీ పక్కనే.
గోధుమ నూర్పిళ్ళ దుమ్ము సిరాబుడ్డిలోకి రాలుతుంది.
కమిటీవాళ్ళు ఎర్ర అట్ట పుస్తకం నా ముందు పెట్టి
డెబ్బై ఐదుకి ముందు ఈ గడ్డ మీద కాలు మోపినవాళ్ళ
పేర్లు రాయమన్నారు.
మూడే గళ్ళు:
పేరు. వచ్చిన ఏడు. చేసిన ఘనకార్యం.

ముందు హాల్వర్ స్కోగెన్ వచ్చాడు.
చెవుడు, అందుకని అరుస్తాడు.
"ఇక్కడ మొదటి నాగలి చాలు నాది!"
వెనకాల వరసలోంచి లెమ్యువెల్ థ్రాప్
"నా చాలులోనే కదరా నీ ఎద్దులు నడిచింది" అన్నాడు.
ముప్పై తొమ్మిదేళ్ళ గట్టు తగాదా
నా బల్ల మీద మళ్ళీ మొలకెత్తింది.
ఇద్దరికీ ఒకే ఏడు వేశాను,
ఇద్దరికీ "మొదటి" అని రాశాను.
సిరా నాది కాదు, కౌంటీది.

బోజెనా కుద్ర్నా మొగుడి తరఫున వచ్చింది.
ఆయన బావులు తవ్వేవాడు.
గడ్డి పెళ్ళల ఇళ్ళలో దీపం వెలిగే ముందే
పలుగు భుజాన వేసుకుని బయల్దేరేవాడట.
"ఎన్ని తవ్వాడమ్మా?"
"నీళ్ళు పడ్డవి పందొమ్మిది.
ఇరవయ్యోది ఆయన్నే ఉంచేసుకుంది."
పందొమ్మిది అని రాశాను.
చదవడం రాదు గానీ అంకెలు తెలుసు ఆమెకి.
గడి మీద వేలు పెట్టి
"ఇరవై చెయ్యి" అంది.
"అందులోనూ పడ్డాయి నీళ్ళు.
తర్వాత."

మధ్యాహ్నం కెజయా ప్రూయిట్.
టెనెసీలో ఒకరి సొత్తుగా పుట్టి
ఇక్కడికి తన కాళ్ళ మీద తాను నడిచొచ్చిన మనిషి.
కొంగులోంచి కాదు, పొగాకు డబ్బాలోంచి
ఒక దారపు ఉండ తీసింది.
కాన్పుకో ముడి.
లెక్కపెట్టమంది. నాలుగు వందల ఆరు దగ్గర నా వేళ్ళు ఆగాయి.
"అదిగో, ఆ గట్టి ముడి నువ్వే" అంది.
"మీ అమ్మని మూడు రాత్రులు ఏడిపించావు.
అడ్డం తిరిగి కూర్చున్నావు.
చెయ్యి పెట్టి సరిచేశాను."
నవ్వింది. నేనూ నవ్వాను.
ఆమెలాంటివాళ్ళని చివరి పేజీలో రాయమని
కమిటీ ముందే చెప్పి ఉంచింది.
చివరి పేజీలోనే రాశాను.
అది నా లోపల ఎక్కడో
ఇంకా అడ్డం తిరిగే ఉంది.
ఈసారి చెయ్యి పెట్టేవాళ్ళు లేరు.

మూడింటి రైల్లో ఒక ముసలాయన దిగాడు,
పౌనీ మనిషి, దక్షిణాన ఓక్లహోమా నుంచి.
పక్కన మనవరాలు, బడిలో నేర్పిన ఇంగ్లీషుతో.
పేరు చెప్పాడు.
మూడుసార్లు రాశాను, మూడుసార్లూ వేరే పేరయింది.
"వచ్చిన ఏడు?" అన్నాను, అలవాటు కొద్దీ.
మనవరాలు అడిగింది. ఆయన చాలాసేపు మాట్లాడాడు.
ఆ పిల్ల కొంచెమే చెప్పింది:
"పొమ్మన్న ఏడు తెలుసట.
దానికి గడి ఉందా అని అడుగుతున్నాడు."

పుస్తకం అటూ ఇటూ తిప్పాను,
ఉండదని తెలిసి కూడా.

పేరు కోసం రాలేదట ఆయన.
వాళ్ళమ్మ మొక్కజొన్న నాటిన మిట్ట చూసి పోదామని వచ్చాడు.
కిటికీలోంచి చూపించాడు.
అక్కడ స్కోగెన్ కొట్టం, ఎర్ర రంగు, కొత్త రేకులు.
చూడటం అయ్యాక దాహం అన్నాడు.
కచేరీ వెనక కుద్ర్నా బావిలోంచి
రేకు గ్లాసుతో తెచ్చిచ్చాను.
సగం తాగి, ఆగి, ఏదో అన్నాడు.
"ఏమంటున్నాడు?"
"నీళ్ళు గుర్తుపట్టాడు" అంది ఆ పిల్ల.

వాళ్ళు మెట్లు దిగుతుంటే
ఎదురుగా ఎక్కి వస్తున్నాడు హాల్వర్ స్కోగెన్,
పక్కకి తప్పుకోకుండా, అరుస్తూ:
"థ్రాప్‌గాడి పేరు కింద నుంచి
ఆ 'మొదటి' కొట్టెయ్!"